రెక్కల సిపాయిలకు ముఖం గీసిన పెద్దమ్మ

పెద్దమ్మ పోయిందని ఆదివారం పొద్దున ఆమె కూతురు ఫోన్ చేసింది. "రాత్రి మంచిగనే తిన్నది అక్కా. పొద్దుగాల లేపితె లేస్తలేదు" అంది. పీర్జాదిగూడలో వాళ్ళ అపార్టుమెంటుకు వెళ్ళాను. అందరూ ముఖం చూస్తుంటే నేను ఆమె చేతులు చూశాను. కుంచె ఒత్తుకుని వేలి పక్కన కాయ కాసిన చోటు ఇంకా అలాగే ఉంది.

పెద్దమ్మ మాకు చుట్టం కాదు. నాచారంలో మా పక్క పోర్షన్‌లో ఉండేది. మేము గుడివాడ వైపు నుంచి వచ్చాం, వాళ్ళు జనగామ నుంచి. పెద్దనాన్న ప్లాస్టిక్ బొమ్మల ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. అక్కడ పోతపోసిన బొమ్మలు సంచుల్లో ఇంటికి వచ్చేవి. వాటికి కళ్ళూ నోరూ వేయడం పెద్దమ్మ పని.

జానెడు పొడవు, ఎర్ర రెక్కలు, ఆకుపచ్చ టోపీ. మోకాళ్ళు వంగేవి. పెట్టె మీద ఏదో ఇంగ్లీషు పేరుండేది కానీ మేము రెక్కల సిపాయిలనే అనేవాళ్ళం. బడి నుంచి రాగానే ఆమె వరండాలో చేరేదాన్ని. ముఖం రాని సిపాయిలు ఒక పక్క, వచ్చినవాళ్ళు ఆరుతూ ఇంకో పక్క. "కన్ను ఆఖర్ల ఎయ్యాలె బిడ్డా. ముందుగాలనే ఏస్తె అది మనల్నే సూస్తది, చెయ్యి ఆడది" అనేది.

దుకాణాల నిండా విదేశీ బొమ్మలు వచ్చాక ఫ్యాక్టరీ మూతపడింది. ఆమె ఇంట్లో ఉన్న చివరి సంచి కోసం ఎవరూ రాలేదు. కొన్నాళ్ళు గుమ్మం వైపు చూసి చూసి, ఒక మధ్యాహ్నం గల్లీ పిల్లలందర్నీ పిలిచి సంచి బోర్లించింది.

"ఇగ వీటి కోసం ఎవరు రారు. తలా ఒకటి తీస్కోండ్రి. మొఖం మీరే ఏస్కోండ్రి."

నేను వేసిన నోరు ఒక పక్కకు పోయింది. దిద్దమని ఏడుస్తూ ఇచ్చాను. అటూ ఇటూ తిప్పి చూసి నా చేతిలోనే పెట్టేసింది. "దీని మొఖం గిట్లనే ఉంటది. నీ మొఖం నేను దిద్దుతున్ననా?" అంది. చాలాకాలం ఆ వంకర నోటి సిపాయి నా కంచం పక్కనే ఉండేవాడు. మేము చెంగిచెర్లకు ఇల్లు మారినప్పుడు ఎక్కడో పోయాడు.

చిన్ననాటి బొమ్మలను వెతికి దాచుకునేవాళ్ళ గుంపులు ఇప్పుడు ఫోన్లో చాలా ఉన్నాయి. ఏయే దేశాల బొమ్మలో కనిపిస్తాయి, మా సిపాయి తప్ప. వాడెలా ఉండేవాడో నేను రాస్తే, "అలాంటిది రాలేదండీ, మీరు ఊహించుకుంటున్నారేమో" అని ఒకాయన జవాబిచ్చాడు. ఆ మాటకు నాకు భయం వేసింది.

పోయిన ఎండాకాలం మా అమ్మాయిని తీసుకుని పెద్దమ్మ దగ్గరికి వెళ్ళాను.

"ఒక్కటైనా ఉందా పెద్దమ్మా?"

"యాడిది బిడ్డా. అన్ని మీకే ఇస్తి గదా."

"అవి నిజంగానే ఉండేవి కదూ?"

ఆమె మనుమరాలి రంగుల డబ్బా తెప్పించి మా అమ్మాయి బొటనవేలు పట్టుకుంది. రంగులో కుంచె ముంచి ఆ వేలి మీద గీసింది. నవ్వు దాచుకున్న నోరు, వంపు తిరిగిన కనుబొమ్మలు, కళ్ళు. నా సిపాయి కాదు, ఆమె సిపాయి. దుకాణంలో వరసలో నిలబడి ఉండేవాడే.

"ఒళ్ళు ఫ్యాక్టరీల తయారయ్యేది. మొఖం నా చేతులనే ఉండె. యాడికి పోతది?" అంది.

ఇప్పుడు ఆ చెయ్యి లేదు. ఆ ముఖాన్ని ఇంకోసారి చూడాలంటే ఎవరినడగాలో తెలియదు. నాకు మిగిలింది ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళిన దారి. ఉప్పల్ సిగ్నల్ దగ్గర ఆటో ఆగింది. పైన మెట్రో వెళుతోంది. మా అమ్మాయి బొటనవేలిని బయటికి చాపి, పైకెత్తి, ఆ ముఖానికి రైలు చూపిస్తోంది.