సగం డబ్బా వేణుగోపాల్

మిగిలిపోయిన పురుగుమందు పోగేసి, నీళ్లు కలిపి వేణుగోపాల్ దొంగచాటుగా అమ్ముకుంటాడని పెదకాకాని చుట్టుపక్కల ఓ పుకారుంది. శుద్ధ అబద్ధం. అన్న నోళ్లను వేపపుల్లతో తోమాలి. అడుక్కుంటాడన్నది మాత్రం నిజం. ఇంటికొచ్చిన వాళ్లెవరైనా మంచినీళ్లడుగుతారు. వేణుగోపాల్ పురుగుమందు డబ్బా అడుగుతాడు. అదీ ఖాళీది పనికిరాదు, సగమైనా మందుండాలి.

అతను బొమ్మలేస్తాడు. ఆ డబ్బాల మీదే వేస్తాడు. ఏ మందు కొట్టాక ఏ పిట్ట పొలానికి రావడం మానేసిందో, ఆ డబ్బా మీద ఆ పిట్ట. గుంటూరులో ప్రదర్శన పెడితే జనం ముక్కుకు గుడ్డ కట్టుకుని మరీ మెచ్చుకున్నారు.

"ఖాళీ డబ్బా మీద వేసుకోవచ్చుగా నాయనా?" అని పక్కింటి రాఘవమ్మ అడగనే అడిగింది. ఆవిడ అడక్కుండా వదిలిన సంగతి ఆ వీధిలో లేదు.

"కుంచె తగిలితే దొర్లుతుంది పిన్నీ. కడుపులో బరువుంటే కదలదు."

"బొమ్మయ్యాక లోపలి మందేం చేస్తావు?"

"కాలవలో పోస్తే చేపలు చస్తాయి. గదిలో పెట్టి తాళం వేస్తా."

తాళం అన్నాడో లేదో, పుకారుకు కాళ్లొచ్చాయి.

ఆ ఏడు నల్లతామర పురుగు, రాఘవమ్మకు అటుపక్కింటి మాలకొండయ్య మిరపతోటను పూత మీదే తినేసింది. తోటంతా దున్నించేసి వచ్చి గడపలో కూర్చున్నాడాయన. అన్నం ముట్టడు, పలకడు. భార్య వెంకటేశ్వరమ్మ కంచం పెట్టడం, ఏడ్చుకుంటూ తీసేయడం. మిగిలిన మందు డబ్బా ఆయన మంచం కిందే ఉంది. పిట్టగోడ మీంచి చూస్తున్న రాఘవమ్మకు పొయ్యి మీద పాలు పొంగుతున్నా కదలబుద్ధి కాలేదు.

సరిగ్గా అప్పుడే భుజాన సంచీతో దిగాడు వేణుగోపాల్.

"బాబాయ్, డబ్బా ఉందా?"

వేణుగోపాల్ వంగి లోపలికి తొంగిచూశాడు.

"అదుగో, మంచం కిందుందిగా! పాలపిట్టకి సరిపోద్ది."

"పోరా."

"ఇస్తే పోతా." గడపకు అడ్డంగా బాసింపట్టు వేసుకు కూర్చున్నాడు.

రాఘవమ్మకు ఒళ్లు మండింది. చెట్టంత మనిషి కూలబడిపోతే వీడికి పాలపిట్ట కావాల్సొచ్చిందా!

మాలకొండయ్య దిగ్గున లేచి అతని చొక్కా పట్టుకున్నాడు. "ఏరా, నా కొంప మునిగితే నీకు బేరమా? నీళ్లు కలిపి అమ్ముకుంటావంటగా!"



"అవును బాబాయ్, అమ్ముకుంటా. ఇవ్వు," అన్నాడు వేణుగోపాల్.

ఇక మాలకొండయ్య తిట్టిన తిట్లకు నల్లపాడు స్టేషన్లో రైలు కూత కూడా వినపడి ఉండదు. వేణుగోపాల్ తాతముత్తాతల్ని పేరుపేరునా పలకరించి, డబ్బా లాక్కొచ్చి అతని సంచీలో కుక్కాడు. వేణుగోపాల్ దాన్ని చంటిపిల్లలా పొదివి పట్టుకుని నడిచాడు. మాలకొండయ్య రొప్పుతూ లోపలికి తిరిగి, "ఏమేవ్, అన్నం పెట్టు!" అని అరిచాడు.

రాఘవమ్మ ఊరుకుంటుందా? తనింట్లో ఉన్న సగం డబ్బా పట్టుకుని అతని వెంటపడింది. "ఇదిగో, ఇదీ అమ్ముకో!"

"మీదొద్దు పిన్నీ. మీ తోట బాగా కాసిందిగా."

రాఘవమ్మ నడివీధిలో ఆగిపోయింది. వెంకయ్య పత్తి పోయినప్పుడు వెంకయ్య ఇంటికెళ్లాడు. చాంద్‌బీ వాళ్ల పొగాకు నీట మునిగినప్పుడు వాళ్లింటికి. పంట చేతికొచ్చిన గడప ఒక్కటీ తొక్కలేదు.

"ఒరేయ్ నాయనా, ఈ మాట చెప్పి అడగొచ్చుగా! దొంగ పేరెందుకు మోస్తావు?"

వేణుగోపాల్ డబ్బా మూత మరోసారి బిగించాడు. "చెబితే మనిషి సిగ్గుతో చితికిపోతాడు పిన్నీ. దొంగనైతే తిడతాడు. నోరారా తిడితే ఆకలేస్తుంది."