పలుపు ఇవ్వని దానం

మా నాయన బండిని దానమిచ్చాడు గానీ తాళంచెవి ఇవ్వలేదు. ఈ మాట చెబితే అందరూ నవ్వుతారు. ఆ తాళంచెవి కోసం ఆరు నెలలు గొంతు చించుకున్నదాన్ని కాబట్టి నాకు మాత్రం నవ్వు రాదు.

అది గొర్రెలు తోలే పికప్ బండి. సీతారామపురం వైపు పల్లెల్లో గొర్రెలు, మేకలు ఎక్కించుకుని సంతలకు చేర్చడం నాయన పని. అమ్మ పోయాక ఉదయగిరిలో మా ఇంటికి వచ్చేశాడు, బండితో సహా. వచ్చిన ఏడాదికే ఆయనకు ఎడమ కన్ను పోయింది. శుక్లమైతే ఆపరేషన్ చేయించేదాన్ని. కంటి నరమే దెబ్బతిన్నదని, ఇక చూపు రాదని డాక్టరు చెప్పాడు. నాయన చెక్కుచెదరలేదు.

"రోడ్డు చూసేదానికి ఒక కన్ను చాల్లే" అన్నాడు.

ఆ ఒక కన్ను సంగతి దుత్తలూరు దగ్గర తెలిసింది. నేను పక్కనే కూర్చుని ఉన్నాను. రోడ్డు వారగా సైకిలు మీద పోతున్న మనిషిని రాసుకుంటూ పోయాడు. ఆ మనిషి చేలో పడ్డాడు. నేను అరిస్తే గానీ నాయన బండి ఆపలేదు. ఆపి, ఏమైందని నన్నే అడిగాడు. సైకిలాయన దుమ్ము దులుపుకుని లేచి తిట్టిన తిట్లన్నీ నేనే పడ్డాను. ఆయనకు ఏమీ కానందుకు ఆ తిట్లు కూడా చల్లగా అనిపించాయి.

బండి అమ్మేయమన్నాను. ససేమిరా అన్నాడు. తన బండిని ఇంకెవడో తన కళ్ల ముందే బాడుగకు తిప్పుతుంటే చూడలేడట. చివరికి ఆత్మకూరులో దిక్కులేని ముసలివాళ్లను చూసుకునే ఆశ్రమం ఒకటుందని విని ఆ మాట ఎత్తాను. చేజర్ల వైపు రైతులు వాళ్లకు బియ్యం, కూరగాయలు ఇస్తారు. తెచ్చుకోవడానికి బండి లేక ప్రతిసారీ ఆటోవాళ్లను బతిమాలుకుంటారు. నాయన కాసేపు ఆలోచించి "ధర్మానికైతే ఇస్తా" అన్నాడు. ధర్మానికి ఇచ్చింది వెనక్కి అడిగే మనిషి కాదు. పీడ వదిలిందనుకున్నాను.

దానం చేయడం ఇంత కష్టమని ఎవరైనా ముందే చెప్పి ఉంటే బాగుండేది. బండికి ఇన్సూరెన్స్ అయిపోయింది, ఫిట్‌నెస్ అంతకు ముందే అయిపోయింది. పేరు మార్చడానికి ఒక కాగితం తీసుకుపోతే ఇంకో కాగితం అడిగారు. నేను పాఠాలు చెప్పే బళ్లో నాకున్న సెలవులన్నీ వాటికే ఖర్చయ్యాయి. ఆశ్రమం నడిపే మేడమ్ బండి చూసి, గొర్రెల వాసన పోయేలా కడిగించి ఇస్తారా అని మెల్లగా అడిగింది. మూడుసార్లు కడిగించాను. వాసన పోలేదు.

ఇచ్చే రోజు టెంకాయ కొట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించాం. మేడమ్ తాళంచెవి కోసం చెయ్యి చాపింది. నాయన దాన్ని చొక్కా జేబులో వేసుకున్నాడు.

"బండి మీదేనమ్మా. తాళంచెవి మాత్రం మా ఇంట్లో ఉండాల."

మా వైపు ఎద్దునో బర్రెనో అమ్మితే దాని మెడలో పలుపుతాడు విప్పి ఉంచుకుంటారు. కొన్నవాళ్లే వాళ్ల పలుపు తెచ్చుకుని తోలుకుపోవాలి. పలుపు కూడా పోతే కొట్టంలో కళ పోతుందని నమ్మకం. అది ఇంట్లో ఉంటే కట్టేయడానికి ఇంకో గొడ్డు వస్తుంది. ఇదంతా నాకు తెలుసు. కానీ ఇంజను బండికి పలుపేమిటి?

"గొడ్డుకు పలుపు ఎట్టనో బండికి తాళం అట్ట" అన్నాడు నాయన. మేడమ్ నా వైపు చూసింది. నేను నేల వైపు చూశాను.

రెండో తాళంచెవి ఏనాడో పోయింది. చివరికి నాయనే బజారుకు వెళ్లి, మారుతాళం కోసేదాకా పక్కనే నిలబడి, కొత్తది మేడమ్‌కు ఇచ్చి పాతది జేబులో వేసుకున్నాడు. ఆ రోజు నుంచి ఇంట్లో ఒకటే గోల. అడిగాను, అలిగాను, ఆయన నిద్రపోతుంటే జేబులు వెతికాను. దాంతో ఆయన తాళంచెవిని మొలతాడుకు కట్టుకున్నాడు. ఇక ఎవరితో చెప్పుకోవాలి?

ఒక పొద్దున క్షవరానికి పోతున్నానని చెప్పి బయటికి వెళ్లాడు. నేను బళ్లో ఉండగా మేడమ్ ఫోన్ చేసింది.

"మీ నాయన ఇక్కడుండాడు. మీరొకసారి రాండి."

బస్సులో దారి పొడవునా తిట్లు సిద్ధం చేసుకున్నాను. వెళ్లేసరికి బండి ఆవరణలో అడ్డంగా ఆగి ఉంది. ఎడమ వైపు వెనక చక్రం కింద నీలం రంగు ప్లాస్టిక్ కుర్చీ ఒకటి ముక్కలై ఉంది. రోజూ పొద్దున్నే ఎండకు ఒక అవ్వ అందులో కూర్చుంటుందట. నాయన మొలతాడు తాళంచెవితో బండి తీసి వెనక్కి తోలేటప్పుడు ఆమె టీ గ్లాసు తెచ్చుకోవడానికి లోపలికి వెళ్లింది. నాయన వరండా మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. తిట్లన్నీ తిట్టాను.

తిరుగు బస్సు ఆత్మకూరు దాటాక నోరు విప్పాడు.

"ఆడ కుర్చీ ఉండాదని నాకు తెలవనే లేదు పాపా."

మొలతాడు ముడి విప్పి తాళంచెవి నా చేతిలో పెట్టాడు. "ఇది ఆమెకిచ్చేయ్."

"ఇంట్లో ఉండాలంటివి గదా?"

"పలుపు పెట్టుకునేది ఇంకో గొడ్డు వస్తాదని. నాకింక బండి రాదులే."

ఆరు నెలలు నేను పోట్లాడింది ఈ మాట కోసమే. తీరా విన్నాక ఏడుపొచ్చింది. ఏడిపించినందుకు మళ్లీ ఆయన మీదే కోపమొచ్చింది.

మర్నాడు జీతం లేని సెలవు పెట్టి, ఆత్మకూరులో కొత్త కుర్చీ కొని ఆశ్రమానికి వెళ్లాను. తాళంచెవి మేడమ్‌కు ఇచ్చాను. కుర్చీ ఎండలో వేస్తుంటే ఆ అవ్వే వచ్చింది.

"నిన్న బండి తోలింది ఎవురమ్మా? చూసి తోలేది తెలీదా ఆయనకి?"

"మా నాయనే అవ్వా. ముప్పై ఏళ్లు తోలినాడు. ఇంక తోలడు."

అవ్వ నా ముఖంలోకి చూసింది. కుర్చీని బండి తిరిగే చోటు నుంచి గోడ పక్కకు జరుపుకుని కూర్చుంది.