రాలని గింజలు

నేను రాయచూరు గూడ్స్ షెడ్డులో గుమాస్తాగా ఉన్నప్పుడు, అక్కడ ఊడ్చే పెద్దమ్మ వ్యాగన్ తలుపు తీయకముందే వాసన చూసి బియ్యమో ఎరువో చెప్పేది. బస్తాల్లోంచి రాలిన గింజలే ఆమె కూలి.

తర్వాత సీలు వేసిన కంటైనర్లొచ్చాయి. ఆమె ఇనుప తలుపుకు ముక్కు ఆనించి, బెదురుగా నా వైపు తిరిగింది.

"ఏం వాసనొస్తలేదు బిడ్డా. ఇగ నేనేం ఊడ్వాలె?"

ఊడ్చే పనిలేని వాళ్ళను షెడ్డులోకి రానివ్వరని విన్ననాడు, కూలీల మేస్త్రీ రాకముందే కొంగుముడి విప్పి, ఇంటి నుంచి తెచ్చిన బియ్యం నేలమీద చల్లింది. చీపురుతో ఊడ్చింది. మేస్త్రీ వచ్చి, ఆమె ఊడ్వడం చూసి వెళ్ళిపోయాడు.

ఆమె ఒక్కో గింజా ఏరి మళ్ళీ ముడేసుకుంది.

"ఇంటికెళ్ళి వండుకో పెద్దమ్మా" అన్నాను.

"వండితే రేపేం చల్లాలె బిడ్డా?"