అడుగున వచ్చే చలి

ఊళ్ళో అందరూ ఆయన్ని ఈతగాడనే పిలుస్తారు. పనంతా నీటి అడుగున. సముద్రాన్ని పరిశోధించే కేంద్రంవాళ్ళు తీరానికి కాస్త దూరంలో ఒక తాడు దించి, దాని పొడవునా నీటి వేడిని కొలిచే గొట్టాలు కట్టారు. వాటికి పట్టిన నాచూ గుల్లలూ గీకి రావాలి. ఆ పని మీదే, అల అన్నది లేని ఒక పొద్దున, ఆయన బావ నీట దిగి మరి పైకి రాలేదు.

ఆ తర్వాత ఈతగాడు మొదటిసారి దిగినప్పుడు, ఉన్నట్టుండి మంచులాంటి చలి కాళ్ళను చుట్టింది. బురద లేచింది. కాసేపటికి వదిలేసింది. ఇంటికొచ్చి, వణుకు తగ్గకముందే అక్క దగ్గర నోరు జారాడు.

"అక్కా, బావ నా కాళ్ళు పట్టుకున్నాడు."

అప్పటినుంచి ఆమె రాత్రిళ్ళు తలుపు గడియ వేయడం మానేసింది. తమ్ముడికి రోజూ సీసాలో వేణ్ణీళ్ళు పోసిచ్చేది, సాయంత్రం గడపలోనే అడిగేది: "వచ్చాడా ఇవాళ?" ఆమెకు తిండి సయించదు, ఆయనకు నిద్ర పట్టదు.

చివరికి కేంద్రంలోని మేడమ్‌ను అడిగాడు. ఆవిడ నవ్వలేదు. కూర్చోమని, తన టీలో సగం పోసిచ్చి చెప్పింది. పైన వెచ్చని నీరు, కింద చల్లని నీరు. ఆ రెంటి నడుమ పైకి కనపడని అలలు పుడతాయి, మేడంత ఎత్తువి. లోతులో ఎంత దూరమైనా సాగుతాయి. తీరం దగ్గర లోతు తగ్గేసరికి నేలకు తగిలి విరుగుతాయి. సుళ్ళు తిరిగి, బురద లేపి, చలినీ వేడినీ కలిపేస్తూ బలమంతా పోగొట్టుకుంటాయి.

"మీ కాళ్ళకు తగిలింది ఆ మిగిలిన కాస్తే," అంది.

"బావను తీసుకుపోయిందీ అదేనా మేడమ్?"

"అది నాకు తెలీదండీ. తెలుసంటే అబద్ధమవుతుంది."

ఆ సాయంత్రం దేవుణ్ణి తలుచుకుని, అక్కకు ఉన్నదున్నట్టు చెప్పాడు. ఆమె ఏడవలేదు.

"మీ బావా అంతే కదరా. వీధి మొదట్లో అగ్గిమీద గుగ్గిలం, ఇంట్లోకొచ్చేసరికి పిల్లి." నవ్వబోయి ఆగింది. "ఒడ్డున నిలబడితే తగులుతుందా ఆ చలి?"

"తగలదక్కా. అక్కడికి రాకముందే అయిపోతుంది."

"అయితే రేపు నన్ను పడవెక్కించు. ఇంకెప్పుడూ వచ్చాడా అని అడగను."

మర్నాడు పడవవాడు తన పైపంచె మడిచి ఆమె కూర్చోడానికి వేశాడు. సముద్రం కదలికే లేకుండా ఉంది. తమ్ముడు దిగాడు. గొట్టాలు గీకుతుండగా చలి వచ్చి కాళ్ళకు చుట్టుకుంది. అలే అని తెలుసు. తెలిసీ, అది పోయేదాకా కాలు కదపలేదు.

పైకొచ్చేసరికి అక్క చెయ్యి మోచేతిదాకా నీళ్ళలో ఉంది.

"పైన ఏమీ లేదురా. వెచ్చగానే ఉంది."

"పైన ఉండదక్కా."

ఆమె మాట తప్పలేదు, అడగలేదు. ఆయనే ఉండబట్టలేకపోయాడు.

"వచ్చాడక్కా."

ఆమె ఆ చెయ్యి నీళ్ళలోంచి తీయలేదు.