కొలతకు నిలబడిన మనిషి

శశికళ పుట్టింది చాంపియన్ రీఫ్స్‌లో, గని కార్మికుల లైను ఇళ్లలో. తాత కుప్పం పక్క పల్లె నుంచి బంగారు గనిలో పనికని వచ్చి అక్కడే ఉండిపోయాడు. ఆమె అప్పా అని పిలిచే తండ్రి ఓబలప్ప ఆ గని మూతపడేదాకా భూమి లోపల రాయి తొలిచాడు. చిన్నప్పుడు శశికళకు ఒకటే ఆశ. పొద్దున్నే అప్ప కేజ్ అనే ఇనుప లిఫ్టు ఎక్కి దిగిపోతాడే, ఆ లోపల ఎలా ఉంటుందో ఒక్కసారి చూడాలి. ఆడవాళ్లను లోపలికి దించేవాళ్లు కాదు. ఎప్పుడడిగినా ఓబలప్పది ఒకటే జవాబు.

"ఏముంటాదమ్మా ఆడ? చీకటి, వుడుకు. ఇంగేముండాది?"

గని మూసేసినాక ఆయనకు మిగిలింది రొమ్ములో దిగిన రాతి దుమ్మూ, అది తెచ్చిన దగ్గూ. కాపురం ఆండర్సన్‌పేటకు మారింది. శశికళ అక్కడ బచ్చప్ప స్టూడియోలో పనికి చేరింది. మొదట ఊడ్చింది, తర్వాత కెమెరా పట్టింది. పెళ్లిళ్లు, నామకరణాలు, చావులు, ఏవైనా తీసేది. ఆమెకూ ఒక పెళ్లయింది. అది నిలవలేదు. దాని గురించి ఆమె ఎవరితోనూ మాట్లాడదు. అందరి చేతుల్లోకీ ఫోన్లు వచ్చాక బచ్చప్ప స్టూడియోకు తాళం వేసి ఇంట్లో కూర్చున్నాడు. శశికళ ఊళ్లో సగం మంది లాగే పొద్దున రైలెక్కి బెంగళూరు దారి పట్టింది.

అక్కడ ఆమెకు పని ఇచ్చినవాడు నందీశ్. వేమగల్ ఊరివాడు, ఇంట్లో తెలుగే మాట్లాడే రైతు బిడ్డ. వాళ్ల మల్బరీ తోట ఫ్యాక్టరీల కిందికి పోయింది. అతను పట్నంలో చదివి, పెద్ద పెద్ద కట్టడాలను ఫోటోలు తీసే చిన్న కంపెనీ పెట్టుకున్నాడు. శశికళ మొదట లైట్లు మోసింది. ఒక గోడ మీద ఎండ సరిగ్గా పడేదాకా కదలకుండా నిలబడగలిగే ఓపిక ఆమెకుందని అతను కొన్నాళ్లకు గమనించాడు. అప్పటినుంచి కెమెరా ఆమెకే ఇచ్చాడు.

కొత్తగా కట్టిన భూగర్భ రైలు స్టేషన్‌ను, జనాన్ని వదలకముందే, పేపర్లకు ఇవ్వడానికి మూలమూలా ఫోటోలు తీసే పని ఆ కంపెనీకి వచ్చింది. నందీశ్‌కు మూసుకున్న చోట ఊపిరాడదు.

"నువ్వు పో శశికళా. గనుల ఊరిదానివి, నీకేం భయం?" అని నవ్వాడు.

ఆమె నవ్వలేదు. కానీ ఆ రాత్రే కెమెరా సంచి సర్ది పెట్టుకుంది.

మొదటి రోజు నెత్తిన హెల్మెట్‌తో ఆగి ఉన్న ఎస్కలేటర్ మీద మెట్టు మెట్టుగా దిగుతూ, లోపలంటే ఇదా అనుకుంది. కిందికి పోయేకొద్దీ పైన రోడ్డు మోత సన్నగిల్లింది. ఆఖరి మెట్టు దిగేసరికి కళ్లు చెదిరాయి. మధ్యలో ఒక్క స్తంభం లేదు. బూడిదరంగు కప్పు ఈ గోడ మీద లేచి, పొడవాటి విల్లులా వంగి, ఆ గోడ మీద వాలింది. ఒక చివర పైకప్పును గుండ్రంగా తెరిచి అద్దం బిగించారు. మధ్యాహ్నం అందులోంచి ఎండ నిట్టనిలువుగా ప్లాట్‌ఫారం దాకా జారుతుంది. నున్నటి నల్లరాతి నేల నీళ్ల మడుగులా ఆ వెలుగును పట్టుకుంటుంది.

ఆ స్టేషన్‌తో ఆమె వారాల తరబడి కుస్తీ పట్టింది. ట్యూబ్‌లైట్లు ఒకచోట పచ్చగా, ఒకచోట నీలంగా పడేవి. కప్పు వంపు ఫోటోలో ఒక పక్కకు ఒరిగేది. దూరంగా ఎవరో రాయి కోస్తే లేచిన దుమ్ము అణిగేదాకా ఆగాలి. సాయంత్రం ఇంటికొచ్చి ఓబలప్పకు కెమెరాలోనే చూపించేది. ఆయన కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ మళ్లీ చూసేవాడు.

"భూమి లోపలేనా ఇది? ఇంత వెలుతురా?"

"అవునప్పా."

"గాలి వస్తాదా?"

"చల్లగా వస్తాది."

ఆయన కళ్లద్దాలు తీసి మడిచాడు. తర్వాత చిన్నపిల్లాడిలా అడిగాడు. "నన్నొకసారి పిల్చుకోని పోతావామ్మా?"

ఆమెకూ ఒక అవసరం ఉంది. మనిషి లేకపోతే ఎంత పెద్ద కప్పైనా ఫోటోలో డబ్బా మూతలా కనిపిస్తుంది. కొలతకు ఎవరో ఒకరిని నిలబెట్టాలి. నందీశ్‌ను అడిగితే, "ఎవరైతేనేం, పిలుచుకురా," అన్నాడు.

ఓబలప్ప ఆ రోజు ఇస్త్రీ చొక్కా తొడుక్కున్నాడు. బయలుదేరే ముందు పక్కింట్లో టీ కొట్టు పెట్టుకున్న గంగమ్మకూ, కొట్టు ముందర కూర్చున్న పాత గని వాళ్లందరికీ చెప్పాడు. "నా కూతురు నన్ను ఫోటో తీస్తాదంట. పేపర్లో వస్తాది, చూడండి."

స్టేషన్‌లో దిగాక ఆయన చేసిన మొదటి పని గోడ మీద అరచెయ్యి ఆనించడం. రాయి చల్లగా ఉంటే ఆశ్చర్యపోయాడు. శశికళ ఆయన్ను అద్దం కింద, ఎండ దిగే చోట నిలబెట్టింది. గ్రూపు ఫోటోకు నిలబడినట్టు చేతులు రెండూ తొడలకు ఆనించి బిగుసుకుపోయాడు.

"వదులుగా నిలబడప్పా. నన్ను చూడొద్దు."

ఆయన తలెత్తి పైన ఆకాశం వైపు చూశాడు. చూస్తూ చూస్తూ, తనకు తెలియకుండానే హెల్మెట్ తీసి చంకలో పెట్టుకున్నాడు. ఆ క్షణంలో ఆమె మీట నొక్కింది. అంత పెద్ద వంపు కింద ఒక ముసలి మనిషి, నేల మీద ఆయన నీడ, నున్నటి రాతిలో తలకిందులుగా మళ్లీ ఆయనే. అలాంటి ఫోటో బతుకులో మళ్లీ పడదని ఆమెకు అప్పుడే తెలిసిపోయింది.

తిరిగొచ్చే రైల్లో ఓబలప్ప ఎన్నడూ లేనంతగా మాట్లాడాడు. గనిలో తనకు జతగా పనిచేసిన దొడ్డమునియప్ప మాట మొదటిసారి ఎత్తాడు. "రాయి పేలిపాయ. నేను ఈ పక్క వుంటిని, వాడు ఆ పక్క. వాడు పైకి రానే లేదమ్మా. లోపలికి దిగి ఆకాశం చూసింది నేనొకణ్ణే."

ఫోటో చూసి నందీశ్ కుర్చీ దగ్గరకు లాక్కున్నాడు. "ఇదే. దీన్ని మించింది లేదు," అన్నాడు. వారం తిరక్కుండా మళ్లీ పిలిచాడు. ఈసారి ఆమె మొహం చూడకుండా మాట్లాడాడు.

"ఫోటో స్టేషన్ వాళ్లకు బాగా నచ్చింది. కానీ ఆ మనిషి వద్దంటున్నారు. కొత్త స్టేషన్లో రోగిష్టి ముసలాయన ఎందుకని అడిగారు. తీసేసి ఇవ్వు."

"ఆయన మా అప్ప సార్."

"తెలుసు. నేను చెప్పి చూశాను."

"అయితే వేరే ఫోటో ఇయ్యండి."

"వాళ్లకు ఇదే కావాలి. నువ్వు చెయ్యనంటే ఇంకొకరితో చేయిస్తాను. ఎలాగైనా ఆగదు శశికళా."

ఎవరో ముక్కూ మొహం తెలియనివాడు అప్పను లెన్సు మీది మరక తుడిచినట్టు తుడిచేస్తాడని ఆమెకు అనిపించింది. అంతకంటే తానే చెయ్యడం మేలనుకుంది. అది తనకు తాను చెప్పుకున్న మాట. పని పోతుందన్న భయం కూడా ఉందని ఆమెకు తెలుసు.

ఆదివారం ఇంట్లోనే కూర్చుని తీసేసింది. మనిషి తొందరగానే పోయాడు. నీడ అంత తేలిగ్గా పోలేదు. రాతిలో కనిపించే రూపం మరీ మొండికేసింది. తుడిచే కొద్దీ ఎక్కడో ఒక మసక మిగిలేది. పక్క గదిలో ఓబలప్ప దగ్గుతున్నాడు. దగ్గు ఆగినప్పుడల్లా ఆమె చెయ్యి కూడా ఆగేది. తీసేసిన చోట వాళ్లడిగినట్టే బ్యాగు తగిలించుకున్న ఒక పడుచు పిల్లను చేర్చింది. ఆ పిల్ల ఎవరో, ఏ ఊరిదో ఎవరికీ తెలియదు.

అప్పకు చెప్పాలనుకుంది. ఇవాళ చెబుదామంటే రేపనిపించింది. రేపు వచ్చేసరికి ఆయన, "పేపర్లో ఎప్పుడొస్తాదమ్మా?" అని తనే అడిగేవాడు. "వస్తాదిలే అప్పా," అని తప్పించుకునేది.

స్టేషన్ తెరిచినప్పుడు పేపర్లో ఆ ఫోటో సగం పేజీ పట్టింది. కింద నందీశ్ పేరు వేశారు. గంగమ్మే పేపరు పట్టుకుని పరుగున వచ్చింది. శశికళ అప్పుడు వంటింట్లో రాగి ముద్దకు ఎసరు పెడుతోంది. వెనకాలే గని వాళ్లు ఇద్దరు ముగ్గురు వచ్చి గడపలో నిలబడ్డారు.

"యాడుండావన్నా నువ్వు? మేము ఎదికి ఎదికి చాలయింది," అంది గంగమ్మ.

పేపరు విప్పిన చప్పుడు శశికళకు వినిపించింది. ఆమె వంటింటి తలుపు దాకా వచ్చి ఆగింది.

ఓబలప్ప పేపరు మడిచి గంగమ్మ చేతికిచ్చాడు. "ఆ పొద్దు నేను పోనేలేదు గంగమ్మా. జొరమొచ్చి, సగం దోవలో దిగి ఎనక్కి వచ్చేస్తిని."

"అయ్యో! పోయొచ్చినానని అంత చెప్తివే?"

"వూరికే చెప్తిని. పోలేదంటే నగుతారని."

గడపలో ఎవరో నిజంగానే నవ్వారు. ఓబలప్ప కూడా వాళ్లతో కలిసి నవ్వాడు. నవ్వు దగ్గులోకి తిరిగి, కంట్లో నీళ్లొచ్చేదాకా ఆగలేదు.

అందరూ పోయాక శశికళ ఆయన ముందు కూర్చుని జరిగిందంతా చెప్పింది. ఆయన వింటూ ఉన్నాడు. చివరికి అడిగింది ఒక్కటే.

"నన్ను తీసేసింది నువ్వేనా? నీ చేత్తోనేనా?"

"నేనే అప్పా."

ఆయన తలూపాడు. "గని మూసేసిన పొద్దు మా అందర్నీ పిల్చి, నిలబెట్టి చెప్పినారమ్మా, రేపటినుంచి మీరు లేరని. నువ్వు అంత కూడా చెప్పలేదే."

ఆమె ఏడ్చింది. ఆయన ఓదార్చలేదు, కసురుకోనూ లేదు. ఎసరు పొంగుతోంది చూసుకోమన్నాడు.

తర్వాతి వారం ఆమె అసలు ఫోటోను పెద్దదిగా వేయించి, ఫ్రేము కట్టించి ఇంటికి తెచ్చింది. ఓబలప్ప కాగితం పూర్తిగా విప్పనివ్వలేదు. "వూరంతా పోలేదని చెప్పినాను. ఇప్పుడు దీన్ని గోడకు తగిలిస్తే నేను అబద్ధాలోణ్ణయితాను. వద్దు, ఎత్తి పెట్టు." ఆమె దాన్ని మంచం కిందికి తోసింది.

పేపర్లో వచ్చిన ఫోటోకు ఏదో పెద్ద బహుమతి వచ్చింది. వేదిక మీద నందీశ్ ఆమె పేరు కూడా చెప్పాడు, నా సహాయకురాలని. జీతం కొంచెం పెంచాడు. ఆమె వద్దనలేదు. ఇప్పుడు వేరే స్టేషన్లు తీస్తోంది. కొలతకు మనిషి కావాలంటే అక్కడే ఉన్న సెక్యూరిటీ వాళ్లను నిలబెడుతుంది, వాళ్ల పేర్లు అడగదు.

తండ్రీ కూతుళ్లు మాట్లాడుకోకుండా లేరు. ముద్ద తిన్నావా, మాత్ర వేసుకున్నావా, రైలు ఆలస్యమా, ఇవన్నీ మాట్లాడుకుంటారు. సాయంత్రం ఆమె కెమెరా సంచి దించినా ఆయన కళ్లద్దాల కోసం తడుముకోవడం మానేశాడు. ఆమె కూడా చూపించడం మానేసింది.

ఆ మొదటి స్టేషన్‌లో ఆమె తరచూ దిగాల్సి వస్తుంది. పెద్ద దారి పక్క గోడకు ఆ పడుచు పిల్ల ఉన్న ఫోటోనే నిలువెత్తున అంటించారు. జనం దాని ముందు నిలబడి సెల్ఫీలు తీసుకుంటారు. ఆ దారిన పోతే ఆఫీసు దగ్గర. శశికళ మాత్రం రెండో పక్క నుంచి పైకెక్కి, బండ్ల మధ్య రోడ్డు దాటి, చుట్టు తిరిగి పోతుంది.