ముడి విప్పని కవర్లు

మేము నిక్కర్ల మీద తిరిగే రోజుల్లో... నాచారం చెరువు అలుగు పారిందంటే బడికి సగం మంది పిల్లలే వచ్చేవాళ్ళు. మిగతా సగం కాలువలో ఉండేవాళ్ళు. ఆ రెండో సగానికి పెద్దను నేనే... నా చదువు అందుకే అక్కడ ఆగిపోయింది.

ఆ నీళ్ళు ఉప్పల్ దాటి మూసీలో కలిసేవి. దేవుడి గూట్లో వాడిన పూలను మా నాయనమ్మ పాత గుడ్డలో మూటగట్టి నాతో కాలువకు పంపేది. మూట విప్పాలి, పూలు మాత్రమే వదలాలి, గుడ్డ ఇంటికి తేవాలి... అదీ ఆమె పద్ధతి.

ఒకరోజు బద్ధకమేసి మూటను మూటగానే విసిరేశాను. ఖాళీ చేతులు చూసి నాయనమ్మ నా చెవి పట్టుకుని కాలువ దాకా నడిపించింది.

"గుడ్డ ఏదిరా?"

"దేవునికిచ్చిన."

"దేవుడు నీ చింపిరి గుడ్డ కట్టుకుంటడా? దిగు. తెచ్చేదాకా బువ్వ లేదు."

తుమ్మకంపకు చిక్కుకున్న ఆ గుడ్డ కోసం నడుంలోతు నీళ్ళలో దిగాను...

ఇప్పుడు ఆ కాలువను నాలా అంటున్నారు. దాని పక్కనే మా అక్క ఇల్లు. ముందుగదిలో కుట్టుమిషన్, అదే ఆమె బతుకు. మొన్నటి వానకు కల్వర్టు కింద చెత్త అడ్డం పడి నీళ్ళు వెనక్కి తన్నాయి. మిషన్ మునిగింది. పెళ్ళివాళ్ళు కుట్టమని ఇచ్చిన జాకెట్లు బురదలో తేలాయి. అక్క ఏడవలేదు... ఒక్కో జాకెట్టూ పిండుతూ కూర్చుంది. నాకు ఒళ్ళు మండిపోయింది.

వెదురుకు కొక్కెం కట్టి ఆ చెత్తంతా బయటికి లాగాను. అన్నీ ముడేసిన కవర్లే... కొన్ని విప్పితే పూలు, కొబ్బరి చిప్పలు, అద్దం పగిలిన దేవుడి పటం, పెళ్ళి పత్రికలు. పత్రిక మీద వినాయకుడి బొమ్మ ఉంటుంది కదా, చెత్తబండిలో వేస్తే పాపమట. ప్లాస్టిక్ కవర్లో కట్టి నాలాలో పారేస్తే మాత్రం భక్తి. సిగ్గులేని భక్తి...

పత్రిక మీద ఎవరిని పిలిచారో ఆ పేరు కూడా రాసి ఉంటుందని ఈ భక్తులకు తట్టలేదు. ముడి ఎంత గట్టిగా వేశారంటే ఒక్క అక్షరం చెరగలేదు. మొదటిది వెనకవీధి మల్లేశన్నది. నీళ్ళు కారుతున్న కవరును అలాగే తీసుకెళ్ళి ఆయన గేటుకు తగిలించాను.

"ఏందిరా ఇది?"

"నీ దేవుడే అన్నా. మునగలే. నిన్ను యాద్ చేసుకుంట వాపస్ వచ్చిండు."

వీధంతా నవ్వింది. అలా నాలుగు గేట్లు అలంకరించాను. ఐదో కవరు దగ్గరికి వచ్చేసరికి మల్లేశన్న నా వెనకే వచ్చి దాన్ని లాక్కుని విప్పాడు. అందులోని పత్రికను నా ముక్కు ముందు పెట్టాడు.

"జర సదువు తమ్మీ. తెలుగు వస్తది కదా."

చదివాను. నా పేరే. పక్కన 'కుటుంబ సమేతంగా' అని కూడా ఉంది. పండక్కి ఇల్లు దులిపిన రోజు, బండి ఆపకుండానే ఆ కవరును నాలాలోకి విసిరింది నేనే... ఈ చేత్తోనే.

తీసుకెళ్ళి నా గేటుకు నేనే తగిలించుకున్నాను. ఇంకా తీయలేదు. అక్క మిషన్ ఇంకా బాగుపడలేదు మరి.

చెవి పట్టుకుని 'దిగు' అనే మనిషి ఇప్పుడు ఏ ఇంట్లోనూ లేదు... అందుకే మనకింత కొవ్వు పట్టింది.

మీ చిన్నప్పుడు మీ ఇంట్లో వాడిన పూలు ఎక్కడికి పోయేవో కింద రాయండి... ధైర్యముంటే, ఇప్పుడు ఎక్కడికి పోతున్నాయో కూడా.