అంబాసిడర్ లోపల పెట్టిన బొట్లు

మా చిన్నప్పుడు... దసరా తెల్లారి, పొద్దున ఏడు గంటలకు, రామన్నపేటలో మా ఇంటి ముందు బాపు అంబాసిడర్ ససేమిరా స్టార్ట్ కానంది.

వెనక సీట్లో పక్కింటి షమీమ్ అక్క, ఒళ్లో సర్టిఫికెట్ల ఫైలు పెట్టుకుని కూర్చుంది. పది గంటలకు నల్గొండలో ఆమెకు నర్సు ట్రైనింగ్ ఇంటర్వ్యూ. పండుగ మరునాడు కదా... బస్సులు కిక్కిరిసి, స్టేజీ దగ్గర ఆపకుండానే పోతున్నాయి. అందుకే వాళ్ల నాన్న, టైలర్ జహంగీర్ చాచా, ముందురోజే బాపుకు చెప్పి పెట్టుకున్నాడు.

మాది నేత ఇల్లు. అమ్మను అవ్వ అని, నాన్నను బాపు అని పిలిచేవాళ్లం. అవ్వ మగ్గం నేసేది. బాపు మాత్రం మగ్గం వదిలి స్టీరింగ్ పట్టుకున్నాడు, కారు కిరాయికి నడిపేవాడు. బండి సంగతి ఆయనకు తెలిసినంతగా మా ఊళ్లో ఎవరికీ తెలియదని నా నమ్మకం. ఇప్పటికీ ఆ మాట వెనక్కి తీసుకోను.

బాపు తాళం తిప్పాడు. ఇంజను గుర్రు గుర్రుమని తిరుగుతుంది... అందుకోదు. ఇంతలో వాడకట్టు మగవాళ్లంతా చేరారు. ఒకాయన బ్యాటరీ అన్నాడు, ఇంకొకాయన కార్బురేటర్ విప్పమన్నాడు. ఎవరి మాటా తేలకముందే అందరూ తోయడం మొదలుపెట్టారు.

నేనూ తోశాను. అందరికంటే గట్టిగా తోశాను... ఎందుకంటే తప్పు నాదేనేమోనని అప్పటికే అనుమానం.

ముందురోజు జరిగింది ఇదీ. దసరాకు మా ఇంట్లో మగ్గానికి పూజ చేస్తాం. రాట్నానికి, నూలు పోసే ఆసుకు, మగ్గంలో అటూ ఇటూ పరుగెత్తే నాడెకు, ఆఖరికి నాడె లోపల తిరిగే నూలు కండెకు కూడా బొట్టు పెట్టాల్సిందే. ఆ ఏడు బండికి పూజ చేసే పని నాకు అప్పజెప్పారు. పదేళ్లదాన్ని... బానెట్ మీద పసుపు రాసి వచ్చి, అయిపోయిందన్నాను.

"పైపైన పెడితె ఏం పూజనే? పనిచేసేది లోపల కదా" అంది అవ్వ, కండె వైపు చూపించి.

నిజమే అనిపించింది. బానెట్ లేపాను. లోపల తీగలన్నీ వచ్చి చేరే నల్ల మూత ఒకటి ఉంటుంది. రెండు క్లిప్పులు ఊడదీస్తే అది వస్తుందని బాపును చూసి నాకు తెలుసు. మూత లోపల చుట్టూ నాలుగు ఇత్తడి బొడిపెలు, నడుమ ఒకటి... బొట్లు పెట్టడానికే చేసినట్టున్నాయి. పసుపు రాశాను, కుంకుమ పెట్టాను, కొబ్బరికాయ నీళ్లు నాలుగు చుక్కలు చిలకరించి, మూత మళ్లీ బిగించాను. పండుగపూట బండి తీయరు కాబట్టి ఎవరికీ తెలియలేదు. నా పూజ చూసుకుని నేనే మురిసిపోయాను.

తోసి తోసి అందరూ అలసిపోయారు. బాపు చేతులు దులుపుకుని, "జర ఆగున్రి, బండే చెప్తది" అన్నాడు.

ఇంజను తిరుగుతోంది కాబట్టి బ్యాటరీ బాగానే ఉంది. పంపు కింద ఉండే చిన్న మీటను చేత్తో ఆడించి చూశాడు, పెట్రోలూ వస్తోంది. ప్లగ్గు తీగ ఊడదీసి ఇనుము దగ్గర పట్టుకుని, చాచాను తాళం తిప్పమన్నాడు. నిప్పురవ్వ రాలేదు. నిప్పురవ్వకు కరెంటు ఇచ్చే కాయిల్ నుంచి వచ్చే తీగ పట్టుకున్నాడు. అక్కడ చిటుక్కుమని రవ్వ వచ్చింది.

"కాయిల్ కాడ ఉన్నది, ప్లగ్గు కాడ లేదు. నడుమల ఏదో ఆపుతాంది."

ఆ నడుమ ఉన్నది ఏమిటో నాకు తెలుసు.

షమీమ్ అక్క కారు దిగి, వాళ్ల నాన్న దగ్గరికి వచ్చి నెమ్మదిగా అంది. "పోనీ అబ్బా... మళ్ల యాడాది చూద్దాం."

ఆ మాట విన్నాక నాకు ఆగలేదు. బాపు అంగీ పట్టుకుని, "నేనే బాపూ... గా నల్ల మూతల బొట్లు పెట్టిన" అన్నాను. దెబ్బ పడుతుందని కళ్లు మూసుకున్నాను.

దెబ్బ పడలేదు. కళ్లు తెరిచేసరికి బాపు మూత చేతిలో పట్టుకుని చూస్తున్నాడు. ఐదు బొట్లు, ఎర్రగా, తడిగా, ఒక్కటీ చెదరలేదు. కరెంటు ఆ తడిలోనే దారి తప్పుతోందన్నమాట.

"దేవునికి పెట్టినట్టే పెట్టింది పోరి" అంది అవ్వ, అరుగు మీంచి.

చాచా తన ఇంట్లోకి పరుగెత్తి గుప్పెడు నూలు పేలికలు తెచ్చాడు. బాపు పేలికను పెట్రోల్లో ముంచి తుడిచాడు, పొడిగుడ్డతో మళ్లీ తుడిచాడు, కాసేపు ఎండకు పట్టాడు. మూత బిగించి తాళం తిప్పగానే... ఒక్క తిప్పుకే అందుకుంది.

అప్పటికి ఎనిమిది దాటింది. బాపు ముందు తలుపు తెరిచి నన్ను పిలిచాడు.

"నువ్వు గూడ ఎక్కు బిడ్డా. తొవ్వల మళ్ల ఆగితె, ఇంక ఏడేడ పెట్టినవో చూపియ్యాలె."

పొద్దుటి నుంచి దిగులుగా ఉన్న షమీమ్ అక్క వెనక సీట్లో పకపకా నవ్వింది. చిట్యాల దాటేదాకా ఆ నవ్వు ఆగలేదు. పదికి ఐదు నిమిషాల ముందు దించాం. ఆమెకు సీటు వచ్చింది. ముప్పై ఏళ్లు దవాఖానలో పనిచేసి, రిటైరైంది కూడా.

బాపు లేడిప్పుడు. మొన్న దసరాకు మా కొత్త కారు బానెట్ లేపి చూశాను... అంతా ఒకటే నల్ల ప్లాస్టిక్ మూత. ఏది ఎక్కడుందో, ఏది తిరుగుతుందో అంతుపట్టలేదు. కుంకుమ భరిణె పట్టుకుని అలాగే నిలబడిపోయాను. బాపు గుర్తొచ్చి కళ్లు తడిశాయి.

అంతలో షమీమ్ అక్క ఫోను. ప్రతి దసరాకు చేస్తుంది, ప్రతిసారీ అదే ప్రశ్న... "ఏమే, లోపల పెట్టలేదు కద?"

"పెడదామంటె లోపలికి తొవ్వనే లేదక్కా" అన్నాను.

మీరూ భక్తితో పాడుచేసిన వస్తువు ఏదైనా ఉంటే చెప్పండి... నాకు కాస్త తోడుంటుంది.